గృహవైద్యము: చిన్నకుక్కల యెదురుతుమ్ము



ఈ నెల వచ్చిన జాబులలో నొకటి చాట్రాయినుండి వచ్చినది. 2022వ సంవత్సరమువఱకు కృష్ణాజిల్లాలో నుండి, పిమ్మట ఏలూరుజిల్లాలో చేరిన యా మండలము నూజివీటి మామిడిసీమలోనిదని మీలో పలువు రెఱుగుదురు. జాబు వ్రాసిన సోదరి తన పేరు ప్రకటింపవలదని కోరినది. విషయమును మాత్రము ఆమె మాటలలోనే సంగ్రహముగా నిచ్చుచున్నాను.

"మా యింట నొక తెల్లని బొచ్చుకుక్క కలదు. నాలుగేండ్లది. మా పిల్లలిద్దఱకును అది ప్రాణము. పది పదునైదు దినములనుండి దానికొక వింతజబ్బు పట్టినది. ఉన్నట్టుండి నిలువబడిపోయి, మెడ చాచి, ముందుకాళ్ల మోచేతులు వెలికి త్రిప్పి, పందిపిల్లవలె ముక్కుతో గురుగురుమని గాలి లోనికి లాగును. కనుగ్రుడ్లు వెలికి వచ్చునేమో యనిపించును. ఒక నిమిషమున కంతయు తగ్గి, ఏమియు నెఱుగనిదానివలె తోక యూపుచు పిల్లలకడకు పోవును. మా అత్తగారు దీనికి పిచ్చి యెత్తుచున్నదని భయపడి పిల్లలను దగ్గఱకు పోనిచ్చుట లేదు. ప్రక్కయింటివారు దానిని గోనెసంచిలో వేసి తమ్మిలేటి యావల విడిచి రమ్మని మావారితో చెప్పినారు. వారును తోటబేరము తెగిన పిదప ఆ పని చూతమన్నారు. బేరమో ఈ వారములోనే తెగును. నే నేమి చేయవలయును?"

ఈ జాబు చేరిననాడే యామెకు వేఱుగా ప్రత్యుత్తరము వ్రాసితిని. పత్రిక వెలువడువఱకు మామిడిబేరము లాగవు గదా! ఆ యుత్తరమున వ్రాసినదానినే కొంత పెంచి యిచ్చట వ్రాయుచున్నాను. ఏలయన చిన్నకుక్కను పెంచు ప్రతి యింటను ఎప్పుడో యొకనాడు ఈ గురుగురు వినబడక మానదు. విన్నవారిలో సగము మంది కుక్క చచ్చిపోవుచున్న దనియు, తక్కినవారు దానికి పిచ్చియెత్తిన దనియు తలంతురు.

ఆమె వర్ణించిన లక్షణములు పిచ్చికుక్క లక్షణములు గావు. ఇంగ్లీషు వైద్యులు దీనిని రివర్సు స్నీజింగు అందురు. తుమ్మువలెనే హఠాత్తుగా వచ్చి, తుమ్మునకు తలక్రిందులుగా నడచును గనుక తెనుగున ఎదురుతుమ్మని పిలుచుకొందము. చూచువారికి గుండె జల్లుమనును గాని, చాలవఱకు నిరపాయమైనది.

మనము తుమ్మునపుడు జరుగు దేమి? ముక్కు ముందుభాగమున దుమ్మో, కారపుపొడియో తగులును. దానిని వెడలగొట్టుటకై శరీరము నిండుగా గాలి పీల్చి యొక్కపెట్టున ముక్కుద్వారా బయటికి చిమ్మును. కుక్కలకును ఇట్టి తుమ్ము కలదు. కాని యా నలుసు ముక్కు ముందుభాగమున గాక, బాగుగా వెనుకకు పోయి ముక్కును గొంతును కలిసికొను చోట తగిలినయెడల దానిని ముందునకు చిమ్ముట కష్టము, త్రోవ దూరము. అందుచేత శరీరము వేఱొక యుపాయము పన్నును. అంగిటి వెనుకటి మెత్తనిపొర బిగిసికొనును. గొంతుక యిఱుకగును. ఱొమ్ము విరియును. ఆ యిఱుకు త్రోవలో గాలి మిక్కిలి బలముగా లోనికి లాగబడి, అడ్డుపడిన చీమిడిని, నలుసును ముక్కు వెనుకనుండి గొంతులోనికి ఈడ్చుకొనివచ్చును. అచ్చట కుక్క దానిని గుటుక్కున మ్రింగును. మ్రింగుటతో నీడ్పు కట్టుబడును. మనకు వినబడు గురుగురుధ్వని యా మెత్తనిపొర గాలికి కొట్టుకొనుటవలన గలుగునది. ఇంటిలోని పెద్దలు నిద్రలో పెట్టు గుఱకకును కారణ మించుమించుగా నిదియే.

కావున ఎదురుతుమ్ము జబ్బు గాదు, ముక్కు వెనుకటిభాగమును ఊడ్చుకొను పద్ధతి. ఒక్కొక్కమాఱు కొన్ని సెకండ్లతో ముగియును, ఒక్కొక్కమాఱు ఒకటి రెండు నిమిషములు సాగును. ఆ కాలమున కుక్కకు ఊపిరి ఆగిపోదు. గాలి కష్టముతో నైనను లోనికి పోవుచునే యుండును. ఈడ్పునకు ముందు కుక్క సుఖముగా నుండును, తరువాతను సుఖముగానే యుండును. ఈ రెండవమాట బాగుగా జ్ఞాపకముంచుకొనుడు. ముందు చెప్పబోవు భేదముల కెల్ల నదియే తాళపుచెవి.

తుమ్మిన బిడ్డను చిరంజీవ యని దీవించి, మనము బయలుదేరునపుడు తుమ్మిన పొరుగువానిని మాత్రము మనసులో తిట్టుకొను జాతి మనది. కుక్క తుమ్మునకు శకునము గట్టుట మనకొక లెక్క గాదు. ఎదురుతుమ్మునకు ఫలమేమని యెవరైన పంచాంగము తెఱచి చూచుచున్నచో దయచేసి మూసివేయుడు.

పెద్దకుక్కలకును ఇది రాకపోదు. కాని చిన్నజాతులకు, అందును ముక్కు అణగిన జాతులకు తఱచుగా వచ్చును. వాని గొంతు ఇఱుకు, అంగిటిపొర ఆ యిఱుకునకు మించి పొడవు. మన పల్లెలలో పొమరేనియనని పిలుచు తెల్లని బొచ్చుకుక్కలు నిజమునకు చాలవఱకు ఇండియను స్పిట్జు జాతివి. ఇంగ్లీషు ప్రభుత్వకాలమున వచ్చిన స్పిట్జుకుక్కలనుండి మన యెండలకు తాళునట్లు పెంచబడినవి. 1980, 1990 ప్రాంతముల విదేశపుకుక్కలను తెప్పించుకొనుట దుర్లభమైన కాలమున ఇవి మన పట్టణములలో ఇల్లిల్లునను వెలసినవి. చాట్రాయి సోదరి కుక్కయు ఇట్టిదే యయి యుండును. తరువాత 2003లో హచ్ అను టెలిఫోను కంపెనీవారి ప్రకటనలో నొక బాలుని వెంట వెంట తిరుగు పగ్గుకుక్కను చూచి దేశమంతయు పగ్గుల కెగబడినది. ముద్దుగా నుండుట నిజమే. కాని ముక్కే లేని కుక్కను తెచ్చి రోహిణికార్తెలో నూజివీటి యెండలో నుంచుట దానికి శిక్షయని నా యభిప్రాయము. కుక్క చెమటపట్టి చల్లబడదు, రొప్పి చల్లబడవలయును. సరిగా రొప్పుటకు పగ్గుకు త్రోవ చాలదు. దానికి వడదెబ్బ త్వరగా తగులును, అది ఎదురుతుమ్ము వలె నిమిషమున పోవునది గాదు. ఎండకాలమున పగ్గు ఆపకుండ రొప్పుచు, నాలుక ముదురెఱుపెక్కి, తూలుచున్నచో వెంటనే నీడకు చేర్చి, చల్లనినీటితో తడిపి, విసరుచు వైద్యునికడకు తీసికొనిపోవలయును.

ఇక ఎదురుతుమ్మును రేపు కారణములు. ఇంగ్లీషు పుస్తకములలో పుప్పొడి, ధూళి, అత్తరు, ఉద్రేకము అని నాలుగుమాటలు వ్రాసియుండును. మన యిండ్లలో కారణములకు కొదువయా! మామిడిసీమనే చూడుడు. మార్గశిర పుష్యమాసములలో తోటలు పూతకు వచ్చును. పూతతోబాటు తేనెమంచు పురుగు, బూడిద తెగులు వచ్చును. వానికై గంధకపుపొడియు, ఘాటైన పురుగులమందులును చల్లుదురు. తోటలో ఇల్లు గలవారికి, తోటప్రక్కన ఇల్లు గలవారికి ఆ గాలి తప్పదు. మనిషికే గొంతు గరగర లాడునపుడు, నేలకు జానెడెత్తున ముక్కు పెట్టుకొని మనకంటె ననేకరెట్లు వాసన పట్టు ప్రాణిమాట చెప్పనేల? మందు చల్లుదినమున కుక్కను లోపల కట్టివేయుడు. మఱునాడును తోటలో తిరుగనీయకుడు. మందు పడిన గడ్డి నాకి కుక్క చొంగ కార్చుచు, వణకుచు, తూలుచున్నచో అది ఎదురుతుమ్ము గాదు, విషము. గడియ ఆలస్యము చేయరాదు. వైద్యునికడకు పోవునపుడు మందుడబ్బాను చేతబట్టుకొని పోవుడు.

వేసవి వచ్చును. కాయకోత, లారీలు, మట్టిబాటల ధూళి. రాలిన యాకులను ప్రోగుచేసి నిప్పుపెట్టుట. అన్నిటిని మించి, మన వంటయిల్లు. ఆవకాయదినములలో ఆవాలు, మిరపకాయలు దంచు చోట, లేక మిల్లాడించి తెచ్చిన పిండిని జల్లించు చోట, మనమే కొంగు ముక్కున కడ్డము పెట్టుకొందుము. కుక్క మాత్రము ఏమి దొరకునో యని జల్లెడక్రిందికే వచ్చి ముక్కు పెట్టును. పదిదినములనుండి వచ్చుచున్నదని సోదరి వ్రాసినది చూచి, మీ యింట ఆవకాయ యెప్పుడు పెట్టితిరని యడిగితిని. రెండువారములైనదని బదులు వచ్చినది. అదియొకటే కారణమని ప్రమాణము చేయజాలను. కాని పచ్చళ్ల గదినుండి కుక్కను బయటనుంచుటకు ఖర్చేమియు లేదు గదా.

సాంబ్రాణిపొగ, అగరువత్తి, దోమలచుట్ట, తిరగమోతలో మాడిన యెండుమిరపకాయ, పెట్టెలలో నుంచు కలరాయుండలు, మనము పూసికొను సెంటు, పసిబిడ్డల పౌడరు: ఇవన్నియు కుక్క ముక్కునకు శత్రువులే. పూజ మానుమని చెప్పను. పూజగదిలో కుక్కకు పని లేదు గనుక ఆ సమయమున తలుపు వేసికొనుడు. ఇవి గాక, తొందరతో నీరు త్రాగుట, గబగబ తినుట, యజమానుడు ఊరినుండి వచ్చినపుడు కలుగు సంతోషము, మెడపట్టెడ బిగియబట్టి లాగుట కూడ ఈడ్పును రేపును. చిన్నకుక్కకు మెడపట్టెడ యేల? ఱొమ్మున కడ్డముగా కట్టు పట్టీలు బజారున దొరకును. గొలుసును దానికి తగిలించిన గొంతుపై బరువు పడదు. మెడపట్టెడను పేరుబిళ్ల తగిలించుటకు మాత్రము వదులుగా నుంచుడు.

ఈడ్పు వచ్చినపుడేమి చేయవలయును? మొట్టమొదట, ఇంటిలోనివారు అఱవకుండవలయును. పిల్లలు కేకలు వేసి చుట్టుమూగినకొలది కుక్క బెదరును, బెదరినకొలది ఈడ్పు పెరుగును. దానిప్రక్కను నెమ్మదిగా కూర్చుండి, పేరు పెట్టి మెల్లగా పిలుచుచు, దవడక్రిందినుండి ఱొమ్మువఱకు గొంతును వ్రేళ్లతో మృదువుగా నిమురుడు. నిమురుటవలన గుటక పడును. గుటక పడిన ఈడ్పు నిలుచును. చాలమాఱు లింతతోనే తీఱిపోవును. అంతట తగ్గనియెడల ముక్కుపుటములను వ్రేలితో ఒకటి రెండు సెకండ్లు మాత్రము మూసి విడువవచ్చును. అప్పుడును కుక్క గుటక వేయును. ఇది మీ కుక్క, మీరెఱిగిన కుక్క, కఱవని కుక్క, పిచ్చికుక్క టీకా ప్రతియేట వేయించిన కుక్క యైనపుడే చేయదగినది. వీధికుక్క కీ సేవ చేయబోవలదు. మూయుట యిష్టము లేనివారు ముఖముపై మెల్లగా ఊదినను, వ్రేలికి నేతిచుక్క రాచి ముక్కుకొన కంటించినను సరియే. నాలుకతో నాకుకొనుటలో గుటక పడును. ఏమియు చేయక యూరకున్నను దోషము లేదు. నిమిషములో తానే తగ్గును.

చేయరాని పనులు మాత్రము కొన్ని కలవు. గొంతులో ఎముక యిఱికినదని యెంచి నోటిలో చేయి దూర్పకుడు. ఊపిరాడని ప్రాణి పండ్లు బిగించును. అది దాని దుర్బుద్ధి గాదు. నోటిలో నీళ్లు పోయకుడు. లోనికి లాగుచున్న గాలితో నీరును ఊపిరితిత్తులలోనికి పోవును. వీపుపై గ్రుద్దకుడు. మిరియాలకషాయము, కర్పూరతైలము, జలుబునకు ఱొమ్మున రాచుకొను లేపనములు వలదు; ఆ ఘాటే దానికి విరోధి, నాకినచో విషము కూడ. బిడ్డలకు వాడు దగ్గుమందు, జ్వరపుబిళ్ల పెట్టరాదు. పారాసెటమాలు బిళ్ల కుక్కలకు హానికరము, పిల్లులకు ప్రాణాంతకము. పశువులకు వేయు ఐవర్‌మెక్టిన్ సూదిని పాలేరుచేత కొలతలేక పొడిపించువా రున్నారు. ఆ మందునకు కుక్కలలో ఉపయోగము కలదు గాని, కొలత తప్పిన ప్రమాదము. కొన్ని జాతులకు కొంచెమైనను పడదు.

ఇంతవఱకు ధైర్యము చెప్పితిని. ఇక గురుగురుమను ప్రతికుక్కయు ఎదురుతుమ్ముచున్నదని యనుకొనకుండ కొన్ని భేదములు చెప్పవలయును. మామిడిసీమలో అన్నిటికంటె ముందు చెప్పదగినది టెంక. రసాలు తిని పెరటిలో పాఱవేసిన టెంకలో తీపి మిగిలియుండును. కుక్క దానిని నాకి నాకి, మఱియొక కుక్క వచ్చుట చూచి గుటుక్కున మ్రింగబోవును. టెంక జారుడు వస్తువు. గొంతు కడ్డుపడిన కుక్క నోరు తెఱచికొని ముందుకాళ్లతో మూతిని గోకుకొనును, చొంగ కార్చును, దౌడలు ఎఱ్ఱదనము తప్పి నీలివర్ణమగును, ధ్వని రాకయే పోవచ్చును. ఎదురుతుమ్ములో సామాన్యముగా నోరు మూసియుండును, ధ్వని బిగ్గరగా నుండును, దౌడల రంగు మాఱదు. టెంక గొంతు దాటి కడుపులోనికి పోయినను మేలు గాదు. చిన్నకుక్క ప్రేగులలో అడ్డుపడి వాంతులు, ఆహారము ముట్టకుండుట, మలబంధము కలుగును. కోసి తీయవలసివచ్చును. కావున వేసవిలో టెంకలను మూతగల తొట్టిలో వేయుట కుక్కలున్న యింటివారికి విధి.

రెండవది గాలిగొట్టము జబ్బు. గాలిగొట్టమును తెఱచియుంచునవి మెత్తని యెముకవంటి వలయములు. కొన్ని చిన్నకుక్కలకు వయసు వచ్చినకొలది యవి సడలి గొట్టము అణగిపోవును. అప్పుడు వచ్చునది దగ్గు. బాతు అఱచినట్లు పొడిగా ఖణేలుమనును. ఉద్రేకమునను, మెడ లాగినను ఎక్కువగును. బొద్దుకుక్కలకు మఱియు హెచ్చు. ఎదురుతుమ్ములో గాలి లోనికి పోవుచుండును, దగ్గులో బయటికి వచ్చుచుండును. చెవి యొగ్గి వినిన తెలియును. మూడవది గుండెజబ్బు. పదేండ్లు దాటిన చిన్నకుక్క రాత్రులందు దగ్గుచు, నడచిన అలసిపోవుచున్నచో గుండెకవాటము చెడుచున్నదేమో చూపింపవలయును. దీనికి ఇంటిలో చేయదగిన పరీక్ష యొకటి యున్నది. కుక్క గాఢముగా నిద్రించునపుడు గడియారము చూచి ఒక నిమిషములో ఱొమ్ము ఎన్నిమాఱులు లేచి పడునో లెక్కింపుడు. ముప్పది లోపుగా నున్న మంచిది. వరుసగా కొన్ని రాత్రులు ముప్పదికి మించినచో వైద్యునితో చెప్పుడు. అంకెలు చెప్పిన గృహిణిమాట వైద్యుడు శ్రద్ధతో వినును.

ఎదురుతుమ్మే యైనను, అది ముక్కులో చిక్కిన వేఱొకదానికి గుఱుతు గావచ్చును. వానలు పడిన తరువాత తోటలలో పెరుగు ముల్లుగడ్డి వెన్నులు ముక్కులో దూఱి వెనుకకే పాకును గాని ముందునకు రావు. తోటనుండి వచ్చినది వచ్చినట్లు తుమ్ములు మొదలై, ఒక్క ముక్కుపుటమునుండియే చీమిడియో నెత్తురో కాఱుచు, కుక్క మూతిని నేలకు రాచుచున్నచో ఇది యని తలంపవచ్చును. చల్లనిదేశములలో ముక్కుపురుగులు కొన్ని గలవు. వానిగొడవ మనకంతగా లేదు. మనకు దగ్గఱి దొకటి కలదు. నాలుకవలె పలుచగా నుండు నొక పురుగు కుక్క ముక్కులోపల కాపురముండును. దాని పిల్లలు మేకల, గొఱ్ఱెల, పశువుల లోపలి యంగములలో దాగియుండును. ఆదివారమున మాంసపుకొట్టునుండి తెచ్చిన పచ్చికార్జము, ప్రేగులు కుక్కకు వేసినచో అవి లోనికి పోయి, ముక్కు చేరి పెరుగును. ఆడుపురుగు నాలుగంగుళములు పెరుగు ననిన మీకు రోత పుట్టును గాని, పుట్టుటయే మంచిది. మాంసము పెట్టువారు ఉడికించి పెట్టుడు. కుక్క చీమిడి తుడిచిన చేతులు సబ్బుతో కడుగుకొనుడు. ఆ పురుగు గ్రుడ్లు మనుష్యుల కడుపులోనికిని పోగలవు.

ఇప్పుడు అత్తగారి భయమును గూర్చి. ఆ భయమును నేను పరిహసింపను. పిచ్చికుక్క కాటునకు చచ్చినవారిని చూచిన తరమువా రెవ్వరును పరిహసింపరు. 1885వ సంవత్సరము జూలైనెలలో పారిసు నగరమున పాస్టరుగారు పిచ్చికుక్క కఱచిన యొక బాలునకు తొలిసారి టీకా వేసి బ్రదికించిరి. మన దక్షిణదేశమున 1907లో నీలగిరులలోని కూనూరున పాస్టరు వైద్యశాల వెలసినది. ఆ దినములలో కాటు పడినవారు రైలెక్కి యంతదూరము పోవలసియుండెను. తరువాత బొడ్డుచుట్టు పదునాలుగు సూదులకాలము వచ్చినది. ఆ సూదులను తలచుకొనియే చాలమంది కాటును దాచిపెట్టి ప్రాణముమీదికి తెచ్చుకొనెడివారు. ఆ పాతమందును మనదేశమున 2005 నాటికే తయారుచేయుట మానివేసినారు. ఇప్పటి సూదులు చేతికే; ప్రభుత్వవైద్యశాలలలో తొలిసూది దినమును సున్నగా లెక్కించి, 3, 7, 28వ దినములలో తక్కినవి వేయుదురు. గాయము లోతైనచో గాయముచుట్టును వేఱొక మందు కూడ ఇత్తురు.

పిచ్చి యెత్తిన కుక్క లక్షణములు వేఱు. స్వభావము మాఱును, చేరువగా తిరుగునది మూలల దాగును, పిఱికిది మీద పడును. అఱపు బొంగురుపోవును. క్రింది దౌడ వ్రేలాడును, చొంగ కాఱును, నీరు మ్రింగలేదు. కట్టె, ఱాయి, మన్ను కొఱుకును. కాళ్లు తడబడును. ఇవి ఒక నిమిషముండి పోవునవి గావు. దినదినమునకు ముదిరి, లక్షణములు తోచిన పదిదినములలోపల కుక్క చచ్చును. చాట్రాయి కుక్క పదునైదు దినములనుండి గురుగురుమనుచు, నడుమ నడుమ అన్నము తిని, నీరు త్రాగి, పిల్లలతో ఆడుచున్నది. ఈ యొక్క లెక్కయే అత్తగారికి చెప్పుడని వ్రాసితిని. వాదింపవలదు, కుక్కకు నీరు పెట్టి వారియెదుట త్రాగించుడు అని కూడ వ్రాసితిని. పెద్దవారు మన మాటలకంటె తమ కన్నులను నమ్ముదురు.

అయితే అత్తగారి భయమునకు మనము చెల్లింపవలసిన బాకీ యొకటి కలదు. కుక్కకు మూడవనెలలో టీకా, పిదప ఏటేట మరల టీకా. ఆ చీటిని రేషనుకార్డుతోబాటు భద్రపఱచుడు. టీకా పడిన కుక్కయైనను కఱచినచో, గీఱినచో, గాయమును సబ్బుతో, పాఱునీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలయును. కాటుపై కారము, సున్నము, ఆకుపసరు పూయుట కూడదు. కుక్కను చంపకుడు, తఱుమకుడు. పదిదినములు కట్టి కనిపెట్టుడు. సూదులు మాత్రము ఆ పదిదినములకొఱకు ఆగరాదు. గోనెసంచిలో నేటి కావల విడిచినవారు కుక్కను పోగొట్టుకొనుటయే గాక, దాని కేమైనదో తెలిసికొను త్రోవను కూడ పోగొట్టుకొందురు. ఇదివఱకు దాని పంటిగీటు పడిన బిడ్డ యుండినచో ఆ త్రోవయే ముఖ్యము.

పశువైద్యునికడకు ఎప్పుడు పోవలయును? అప్పుడప్పుడు వచ్చి పోవు నెదురుతుమ్మునకు పోనక్కఱలేదు. దినమునకు పలుమాఱులు వచ్చుచున్నను, నిమిషములు గడచినను ఆగకున్నను, ముక్కున నెత్తురు, వాసనగల చీమిడి వచ్చినను, ముఖము వాచినను, కుక్క సొమ్మసిల్లినను, తిండి మానినను, ముసలికుక్కకు క్రొత్తగా మొదలైనను పోవలయును. పోవుటలో నొక చిక్కున్నది. వైద్యుని బల్లమీద ఎక్కించినంతనే కుక్క నోరు మూసికొని బుద్ధిమంతురాలివలె నుండును, ఈడ్పు రాదు. వైద్యుడు చూడనిదానిని మీరు అభినయించి చూపవలసివచ్చును. ఇప్పుడు ప్రతి యింటను చేతిఫోను ఉన్నది. ఈడ్పు వచ్చినపుడు, ఒకరు గొంతు నిమురుచుండగా నింకొకరు బొమ్మయు ధ్వనియు పట్టుడు. ముప్పది సెకండ్ల యా చిత్రము గంటసేపటి వర్ణనకంటె మేలు. వచ్చిన తేది, వేళ, అప్పుడు ఇంటిలో ఏమి జరుగుచున్నది యని క్యాలెండరుపై గుఱుతు పెట్టినచో కారణ మెచ్చట దాగినదో మీకే తెలిసిపోవును. మందులు కావలసినచో వైద్యుడు అలర్జీకో, పురుగులకో ఇచ్చును. నలుసున్నదని తోచినచో మత్తు ఇచ్చి సన్నని గొట్టముతో ముక్కు వెనుక చూచును. ఆ పరీక్షకు మండలపు ఆసుపత్రిలో సామగ్రి యుండదు. గన్నవరములోని పశువైద్య కళాశాలవంటి చోటికి పోవలయును.

చాట్రాయి సోదరినుండి ప్రత్యుత్తరము వచ్చినది. వైద్యుడు చిత్రము చూచి ఎదురుతుమ్మే యన్నాడట. కుక్క యింటనే యున్నది. అత్తగారు దానిని ముట్టరు గాని, ఆవకాయ జాడీలగది తలుపు తామే వేయుచున్నారట.

విస్సన్నపేట సోదరికి: మీరు అడిగినట్లు కుక్కకు మామిడిపండు పెట్టవచ్చును. తొక్క తీసి, టెంక తీసి, రెండుమూడు చిన్నముక్కలు. అంతకు మించిన విరేచనములగును. మామిడితాండ్రలో చక్కెర యెక్కువ, వలదు. ఆవకాయ ముక్క ఎంత కడిగినను పెట్టరాదు. అందులోని వెల్లుల్లి, అటులే మన కూరలలోని ఉల్లి, కుక్క నెత్తుటిలోని ఎఱ్ఱకణములను చెఱచును.